పిల్లల ఫోన్లు కాదు, ముందు మన గ్రూపులు తనిఖీ చేద్దాం



ఎప్పటిలాగే పొడుగు పోస్టే. పోయినసారి మున్సిపల్ తెలుగు బడులు మూతపడటం గురించి రాస్తే "టీచరమ్మ మళ్లీ మొదలుపెట్టింది" అని ఒక తమ్ముడు కింద రాశాడు. అవును, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మాత్రం సగంలో వదిలేయకండి. నేను మాట్లాడేది మన కమిటీ మీద, ఆ కమిటీలో నేనూ ఉన్నాను.

పోయిన ఆదివారం కమిటీ ఒక తీర్మానం చేసింది. పెళ్లికాని ఆడపిల్లలకు స్మార్ట్‌ఫోను ఇవ్వకుండా తల్లిదండ్రులు చూసుకోవాలి. చదువు కోసం తప్పదంటే తండ్రో అన్నో వారానికోసారి ఫోను తనిఖీ చేయాలి. బతుకమ్మ గ్రూపులోంచి 25 ఏళ్లలోపు అవివాహితలను తీసేయాలి. "జరిగిన సంఘటన" గురించి బయట ఎవరూ నోరెత్తకూడదు. పదకొండు చేతులు లేచాయి, నాది లేవలేదు. నా అసమ్మతి మినిట్స్‌లో రాయమన్నాను. "ఎందుకు టీచర్, ఏకగ్రీవం అని రాస్తే మంచిగుంటది" అన్నారు. మంచిగుండటం కోసం నా మాట రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ "సంఘటన" ఏమిటో చెప్పాలి. చాలామందికి చెవుల్లో పడింది, సగం తప్పుగా పడింది. ఆ పిల్ల వయసు, చదువు, ఉండే చోటు మార్చి చెబుతున్నాను. ఎవరని ఆరా తీయకండి. రాసేముందు తల్లిని అడిగాను, పిల్లనూ అడిగాను. "రాయి టీచర్, కానీ నన్ను పాపం అని రాయకు" అంది. రాయను.

తండ్రి దర్జీ కార్ఖానాలో కారీగర్. తల్లి బీడీలు చుడుతుంది. పది బై పన్నెండు ఖోలీలో అయిదుగురు. పన్నెండో తరగతి అయ్యాక పిల్ల పని వెతుక్కుంటోంది. దసరా ముందు మన బతుకమ్మ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. బ్యూటీపార్లర్ శిక్షణ, మూడు నెలలు, నెలకు 22 వేలు, ఉండటానికి ఆడపిల్లల హాస్టల్, తెలుగు పిల్లలకు ప్రాధాన్యం, నిలువెత్తు ఫోటో, ఆధార్ వాట్సాప్ చేయాలి. పైన గౌరమ్మ బొమ్మ, కింద రెండు చేతులు జోడించిన గుర్తు. పెట్టిన నంబరు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ నంబరు గ్రూపులోకి ఎలా వచ్చిందంటే, గ్రూపు లింకును మనమే మన పేజీలో అందరికీ కనబడేలా పెట్టాం, "మన ఆడబిడ్డలందరూ చేరండి" అని. చేరింది ఆడబిడ్డ కాదు.

ఇక్కడ నా వంతు కూడా చెప్పుకోవాలి. ఆ మెసేజ్‌ని మా చాళ్‌లోని తల్లుల గ్రూపుకి పంపింది నేనే. ఇరవై ఎనిమిదేళ్లు మున్సిపల్ బడిలో పాఠం చెప్పినదాన్ని, "రూఢి చేసుకోకుండా నమ్మొద్దు" అని పిల్లలచేత వందసార్లు కాపీ రాయించినదాన్ని, మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద పడుకుని బొటనవేలితో ఫార్వర్డ్ నొక్కాను. ఆ పిల్ల తల్లి దాన్ని నమ్మింది టీచర్ పంపింది కాబట్టే. కమిటీలో ఈ మాట చెప్పాను. ఒక్కరు కూడా నా ఫోను తనిఖీ చేయాలని తీర్మానం పెట్టలేదు.

ఫోటో, ఆధార్ పంపాక వీడియోకాల్‌లో "ఇంటర్వ్యూ" అన్నారు. మొదట ఒక ఆడమనిషి మాట్లాడింది, మర్యాదగా, "బేటీ" అంటూ. రెండోసారి "మెడికల్" అన్నారు. స్కిన్ పని కదా, చేతుల మీద, వీపు మీద మచ్చలు ఏమైనా ఉన్నాయేమో చూడాలి అన్నారు. పిల్ల తటపటాయించింది. "డాక్టరమ్మే చూస్తుంది, అందరూ చూపించారు" అన్నారు. రెండు నిమిషాల కాల్. అవతల అది రికార్డు అయ్యింది. మూడోరోజు టికెట్ వచ్చింది, మన రాష్ట్రంలోనే ఇంకో ఊరికి. స్టేషన్లో దించుకున్నది ఆ "బేటీ" అన్న ఆడమనిషే. తీసుకెళ్లింది హాస్టల్‌కి కాదు, రోజువారీ అద్దెకిచ్చే ఒక ఫ్లాట్‌కి. అక్కడ ఇంకో ఇద్దరు పిల్లలున్నారు.

తలుపుకి బయట గొళ్లెం లేదు. ఇది మీరందరూ గమనించాలి. కమిటీలో ఒక పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న అదే: "తలుపు తెరిచే ఉంది కదా, ఎందుకు పారిపోలేదు?" ఆమె ఫోను లాక్కోలేదు కూడా. ఫోను ఆమె దగ్గరే ఉండాలి, అందులో లైవ్ లొకేషన్ ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి, కాల్ చేసిన రెండో రింగుకి వీడియోలో మొహం చూపించాలి. రోజుకొకసారి ఇంటికి మాట్లాడనిచ్చేవాళ్లు, స్పీకర్ పెట్టి, హిందీలోనే. మొదటిరోజు ఆ రెండు నిమిషాల వీడియో చూపించి, దాని పక్కనే మన బతుకమ్మ గ్రూపు సభ్యుల జాబితా చూపించారు. 236 నంబర్లు. "నువ్వు గడప దాటిన అయిదు నిమిషాల్లో వీళ్లందరికీ పోతుంది" అన్నారు.

అదండీ గొళ్లెం. గొళ్లెం చేసినవాడు వాడే కావచ్చు, దానికి ఇనుము ఇచ్చింది మనం. 236 మందిలో ఒక్కరైనా ఆ వీడియో చూసి "అయ్యో, ఈ పిల్ల ఆపదలో ఉంది, ఎక్కడుందో కనుక్కోండి" అంటారని ఆమెకు నమ్మకం ఉంటే వాడి చేతిలో ఉన్నది ఉత్త బొమ్మ. ఆ నమ్మకం ఆమెకు లేదు. మన గురించి ఆమె అంచనా తప్పా? పిల్ల తిరిగి వచ్చి నెల కాలేదు, మనం చేసిన తీర్మానం చూడండి.

ఎలా బయటపడిందో కూడా వినండి. పదహారో రోజు రాత్రి కాపలా మనిషి తాగి పడుకున్నాడు. పిల్ల తల్లికి చేయలేదు, తండ్రికి చేయలేదు. భివండీలో ఉండే పిన్నికి లొకేషన్ పంపి, "పిన్నీ, నన్ను తీసుకపో" అని ఒక్క ముక్క రాసింది. మీరు అడగొచ్చు, పిన్నికే ఎందుకని. నేనూ అడిగాను. "పిన్ని ఎందుకు పోయినవ్ అని అడగది టీచర్" అంది. ఆ పిన్ని మగ్గాల ఖాతాలో బాబిన్లు చుడుతుంది, అయిదో తరగతి చదివింది. ఆమె తిరిగి రాసిన జవాబు నేను ఫోనులో చూశాను: "తిన్నవా. కదలకు. వస్తున్న." వెంటనే 112కి ఫోన్ చేసింది, తెల్లారేసరికి భర్తను వెంటబెట్టుకుని ఆ ఊరి స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. ముగ్గురు పిల్లలూ బయటికి వచ్చారు.

ఫోను వల్లే చిక్కింది అంటున్నారు మీరు. ఫోను వల్లే బయటపడింది అంటున్నాను నేను. మీ తీర్మానం అప్పటికే అమల్లో ఉండి ఉంటే, ఆ పిల్ల చేతిలో ఉన్నది ప్రతి వారం అన్న తనిఖీ చేసే ఫోను అయి ఉంటే, బెదిరింపు వచ్చిన మొదటిరోజే ఎవరికో ఒకరికి చెప్పుకునేదా, అన్న చూడకముందే తుడిచేసి వాళ్లు చెప్పినట్టల్లా ఆడేదా? తనిఖీ భయం పెరిగితే లాభపడేది బెదిరించేవాడు. వాడికి కావలసిందల్లా ఆ పిల్లకూ ఇంటికీ మధ్య ఒక రహస్యం. మనం ప్రతి పిల్ల ఫోనులోనూ ఆ రహస్యాన్ని నాటుతున్నాం.

మనం కామాఠీపురా వాళ్లం. ఈ మాట అనడానికి మనలో చాలామంది నోరు నొక్కుకుంటారు. సంబంధాలు చూసేటప్పుడు "ముంబయి సెంట్రల్ దగ్గర" అంటారు. ఆ పేరు మన పేరే. నిజాం ఇలాకా నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చిన మన కామాఠీ తాతలు, ఈ నగరం రోడ్లు, కట్టడాలు లేపిన కూలీలు, మేస్త్రీలు, ఉన్న చోటు కాబట్టి దానికి ఆ పేరు. తరువాత బ్రిటిషువాళ్ల కాలంలో అవే గల్లీలను ఇంకో వ్యాపారానికి అడ్డా చేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆవిరి ఓడల మీద యూరపు నుంచి కూడా స్త్రీలను తెచ్చారు. వాళ్లున్న గల్లీని సఫేద్ గల్లీ అన్నారు. ఓడ వచ్చినా, రైలు వచ్చినా, కొత్తగా ఏ సాధనం వచ్చినా ఆడదాన్ని అమ్మేవాడు మనకంటే ముందే దాన్ని నేర్చుకుంటాడు. మన సొంత జిల్లాల నుంచి దేవుడి పేరు చెప్పి జోగినులను చేసి, ఆ పిల్లలను ఇక్కడికి దించినవాళ్లూ ఉన్నారు. 1988లో ఆంధ్రప్రదేశ్ దాన్ని చట్టంతో నిషేధించేదాకా, ఆ తరువాత కూడా, మన పెద్దలకు తెలియని సంగతి కాదు.

మా చిన్నప్పుడు ఫాక్‌లండ్ రోడ్డు మీద ఇనుప చువ్వల కిటికీలు కనపడేవి. పింజరాలు అనేవాళ్లు. బడికి పోయేటప్పుడు మా అమ్మ నా తల అటు తిరగకుండా పట్టుకునేది. ఇప్పుడు ఆ గల్లీల్లో వేల మంది లేరు, కొద్దిమంది మిగిలారు, భవనాలు పడగొట్టి కొత్తవి కట్టబోతున్నారు. "పీడ వదిలింది" అని మనవాళ్లు సంతోషిస్తున్నారు. పీడ వదల్లేదండీ, చిరునామా మార్చింది. చువ్వల కిటికీ ఉన్నప్పుడు కనీసం పోలీసుకు, ఆసుపత్రి మనిషికి, సేవాసంస్థకు ఎక్కడికి పోవాలో తెలిసేది. ఇప్పుడు ప్రకటన ఒక వెబ్‌సైట్‌లో ఉంటుంది, బేరం వాట్సాప్‌లో, డబ్బు యూపీఐలో, గది యాప్‌లో, పిల్ల ప్రతి వారం కొత్త ఊళ్లో. నడిపేవాడు ఇంకో రాష్ట్రంలో కూర్చుని ఉంటాడు, పిల్ల వాడి మొహం కూడా చూడదు.

నేనేదో ఊహించి చెబుతున్నాననుకోకండి. 2022 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా సంగతి పేపర్లలో వచ్చింది. వెబ్‌సైట్లలో ప్రకటనలు, వాట్సాప్ గ్రూపులు, ఫోన్లెత్తడానికి కాల్‌సెంటర్ల లాంటి ఏర్పాటు. 14 వేలకు పైగా మహిళలను ఆ వలలోకి దించారని పోలీసులు చెప్పారు. ఉద్యోగాలు, సుఖమైన బతుకు ఎరగా చూపించారు. పద్నాలుగు వేల మంది. ఒక్క గొళ్లెం లేకుండా.

కువైట్ సంగతీ చెప్పుకుందాం, మన చుట్టాలెందరో అటు ఉన్నారు కాబట్టి. 2019లో బీబీసీ అరబిక్ వాళ్లు రహస్యంగా ఆరా తీసి బయటపెట్టారు. ఇంటిపని చేసే ఆడవాళ్లను ఫోనుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, సామాన్లు అమ్మే యాప్‌లో, పాత ఫ్రిజ్ అమ్మినట్టు ఫోటో పెట్టి, దేశం పేరు పెట్టి, ధర పెట్టి చేతులు మారుస్తున్నారు. వాళ్లకు చూపించిన వాళ్లలో గినీ దేశం నుంచి వచ్చిన 16 ఏళ్ల పిల్ల ఉంది. ఆ గొడవలో ఆపిల్ కంపెనీ తన స్టోరులోంచి ఫేస్‌బుక్‌ను తీసేస్తానని బెదిరించాకే ఫేస్‌బుక్ పెద్ద ఎత్తున కదిలిందని, ఈ బేరాలు జరుగుతున్నట్టు కంపెనీకి అంతకుముందే తెలుసని, 2021లో బయటపడ్డ ఆ కంపెనీ లోపలి కాగితాలే చెప్పాయి. కాబట్టి కంపెనీలకు తెలియదని ఎవరూ నాతో అనకండి. మన మొహం చూసి మనకు కావలసిన చీర ఏదో చెప్పగలిగిన యంత్రానికి, ఒకే నంబరు నలభై ఊళ్లలో "తెలుగు పిల్లలకు ప్రాధాన్యం" అని ప్రకటన పెడుతుంటే అనుమానం రాదట. లాభం లేని చోట అనుమానం ఎందుకు వస్తుంది? కంపెనీల మీద పోరాటం ఢిల్లీలో, కోర్టుల్లో జరగాలి, జరుగుతోంది కూడా. హైదరాబాద్ ప్రజ్వల సంస్థ సునీతా కృష్ణన్ గారు 2015లో వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల గురించి సుప్రీంకోర్టుకు లేఖ రాస్తే, కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. ఆమె మన తెలుగునేల మీద నిలబడి ఆ పని చేసింది. ఇక్కడ మన సమాజం చేయగలిగినది అంతకంటే చాలా చిన్నది, అదీ చేయకపోతే ఎలా అని నా బాధ.

సంఘాల వాళ్లం మనం ప్రత్యేకంగా భయపడాల్సిన కేసు ఇంకొకటి ఉంది. 2018లో చికాగోలో బయటపడింది. తెలుగు సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసుకునే అమ్మాయిలను అమెరికా రప్పించి వ్యభిచారంలోకి దించారని ఒక తెలుగు జంట మీద కేసు పెట్టారు. వీసా ఎలా వచ్చింది? తెలుగువాళ్ల సాంస్కృతిక సభలకు వస్తున్నామని చూపించి. సంఘం పేరు, ఉగాది పేరు, మన పండుగ పేరు. ఎద్దు పుండు కాకికి రుచి అన్నట్టు, మన ఐక్యత, మన అభిమానం, "మనవాళ్లు" అన్న ఆ ఒక్క మాట, వాళ్లకు పెట్టుబడి. మన సమాజం లెటర్‌హెడ్ ఎవరి దగ్గర ఉందో ఎవరికైనా తెలుసా? నేను కార్యదర్శిగారిని అడిగాను. పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టేశాం టీచర్, అందరికీ ఉపయోగపడుతుందని, అన్నారు. సంతోషం.

మన పెళ్లిసంబంధాల గ్రూపు చూడండి. ఆడపిల్ల నిలువెత్తు ఫోటో, పుట్టినతేదీ, తండ్రి నంబరు, ఇంటి చిరునామా, చివరికి జీతం. మగపిల్లల ఫోటోలు సగం మందివి ఉండవు, "అడిగితే పంపబడును". నాలుగు వందల మంది ఉన్న ఆ గ్రూపులో సగం మంది ఎవరో అడ్మినుకే తెలియదు. ఆ ఫోటో తీసుకుని బట్టలు లేని బొమ్మ చేయడానికి ఇప్పుడు పది నిమిషాలు చాలు. అప్పుల యాప్‌ల వాళ్లు చేసింది అదే. అయిదువేలు అప్పిచ్చి, ఫోనులోని నంబర్లన్నీ గుంజుకుని, కట్టలేకపోతే మార్చిన ఫోటోలు బంధువులకు పంపి, 2020 చివర తెలంగాణలో ప్రాణాలు తీసుకునేదాకా తెచ్చారు. రిజర్వు బ్యాంకు 2022లో నియమాలు పెట్టింది. కానీ ఆ వల ఎందుకు పనిచేసిందో ఆలోచించండి. ఫోటో నిజమైనదా, చేసినదా అని ఎవరూ అడగరు. ఆడదాని ఫోటో కాబట్టి నిజమే అయి ఉంటుందనుకుంటారు.

ఇప్పుడు మగపిల్లల సంగతికి వస్తాను. 2024లో విశాఖ నుంచి డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, ఫోనులో జనాన్ని మోసం చేసే పనిలో కూర్చోబెట్టిన కుర్రాళ్ల వార్త మనమందరం చూశాం. అదీ మనుషుల అక్రమ రవాణాయే. ఎరా అదే, ఫోనూ అదే. వాళ్లు తిరిగి వస్తే "అయ్యో పాపం, ఎంత కష్టపడ్డారో" అన్నాం. మన గ్రూపులోనే పెట్టి దండాలు పెట్టాం. ఒక్కడినైనా "తెలియని దేశానికి ఎందుకు పోయినవ్, నీ ఫోను మీ అక్క తనిఖీ చేస్తుందా" అని అడిగామా? మగవాడు మోసపోతే బాధితుడు. ఆడపిల్ల మోసపోతే ఇజ్జత్. చట్టానికి ఈ తేడా లేదు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం మోసంతో, ఆశపెట్టి, బెదిరించి ఒక మనిషిని దోపిడీ కోసం తీసుకుపోతే అది అక్రమ రవాణా, బాధితురాలు "ఒప్పుకుంది" అన్నది లెక్కలోకే రాదు. "తానే టికెట్ ఎక్కింది కదా" అన్న పెద్దాయన ఇది చదవాలి. ఇంకో మాట. లైంగిక దాడికి గురైన స్త్రీ పేరు బయటపెట్టడం 72వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు శిక్ష. మన గ్రూపుల్లో ఆ రెండు వారాలు ఎవరెవరు ఏమేం రాశారో నా దగ్గర అన్నీ ఉన్నాయి. బెదిరించడం లేదు, తుడిచేయమని చెబుతున్నాను.

2022లో ఒక హిందీ సినిమా వచ్చినప్పుడు కామాఠీపురా పేరు పాడవుతోందని మన నివాసుల్లో కొందరు నిరసన చేశారు, బొంబాయి హైకోర్టు దాకా వెళ్లారు. నేనూ సంతకం పెట్టాను. పేరు మీద అభిమానం ఉండటం తప్పు కాదు. ఆ సంతకాల కోసం రెండు రోజుల్లో మన కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. మొన్న ఈ పిల్ల తండ్రికి తోడుగా స్టేషన్‌కి రమ్మని తొమ్మిది మందిని అడిగాను. ఒకరికి షాపు, ఒకరికి బీపీ, ఒకరికి "రాజకీయం అవుతుంది". చివరికి వచ్చింది ఎవరో చెప్పనా? పన్నెండో గల్లీలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఒక అమ్మ. ఏ పని చేసి బతికిందో మీకు తెలుసు, ఆమెను మన గణపతి మండపంలో కుర్చీ మీద కూర్చోనివ్వరు. ఆమెకు ఏ కాగితం అడగాలో, ఏ మాటకు సంతకం పెట్టకూడదో తెలుసు. ఇష్టపూర్వకంగా ఆ వృత్తిలో ఉన్న పెద్దవాళ్లను పోలీసులు వేధించరాదని, వాళ్లకూ గౌరవం ఉందని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మన మండపానికి ఆ తీర్పు ఇంకా చేరలేదు.

మన పెద్దల పేర్లు చెప్పుకోవడం మనకు ఇష్టం. సరే, చెప్పుకుందాం. జ్యోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో మన తెలుగు కామాఠీ గుత్తేదారులు ఉన్నారు. జాయా కరాడీ లింగు, వ్యంకూ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు. ప్రతి ఏప్రిల్ 11న దండ వేసేటప్పుడు ఈ పేర్లు చదువుతాం. ఆ ఫూలే, సావిత్రీబాయి 1863లో పూనాలో ఏం చేశారు? మోసపోయి కడుపుతో ఉన్న వితంతువులు, ఆ రోజుల్లో బావిలో దూకడం తప్ప దారిలేనివాళ్లు, రహస్యంగా వచ్చి పురుడు పోసుకుని పోవచ్చని తమ ఇంట్లోనే ఒక ఆశ్రయం తెరిచారు. ఎవరు, ఎందుకు, ఎవరి వల్ల అని అడగలేదు. 1874లో అలా వచ్చిన ఒక వితంతువు బిడ్డనే పెంచుకుని యశ్వంత్ అని పేరు పెట్టి, డాక్టర్ చదివించారు. భివండీ పిన్ని ఫూలే పేరు విన్నదో లేదో నాకు తెలియదు, అదే పని చేసింది. దండ మనం వేస్తున్నాం.

సరే, ఏం చేద్దామంటావు టీచర్ అంటారు. పెద్ద పనులేం కావు. గ్రూపు లింకు పేజీలోంచి ఈ రాత్రే తీసేయాలి, అడ్మిన్లు ఒక్కో నంబరు ఎవరిదో చూసి తెలియనివి తొలగించాలి. ఉద్యోగం మెసేజ్ పెట్టేవాళ్లు "యజమాని నాకు తెలుసు, నేను చూశాను" అని తమ పేరుతో రాయగలిగితేనే పెట్టాలి, లేకపోతే వద్దు, నాతో సహా. సంబంధాల గ్రూపులో పిల్లల ఫోటోలు అందరికీ పెట్టడం ఆపి, ఇరువైపులా పెద్దలు మాట్లాడుకున్నాక ఇచ్చుకోవాలి. లెటర్‌హెడ్ మీద ఏ ఉత్తరం పోయినా రిజిస్టరులో నంబరు వేయాలి. ఇవన్నీ ఒక సాయంత్రం పని.

అసలు పని ఇంకొకటి. ఏ పిల్లకైనా ఇలాంటి బెదిరింపు వస్తే రాత్రి రెండింటికైనా ఫోన్ చేయగలిగే ఇద్దరు ఆడవాళ్ల పేర్లు సమాజం ప్రకటించాలి. వాళ్లు "ఎందుకు" అని అడగకూడదు. కదలకు, వస్తున్నాం అనాలి. 1930కి, 112కి చేయడం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయడం, మెసేజ్‌లు తుడవకుండా దాచడం నేర్చుకోవాలి. ఫిర్యాదు ఏ ఊరి స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, "మా పరిధి కాదు పో" అనే వీలు కొత్త చట్టంలో లేదు. అలాంటి బొమ్మలు తీసేయమని బాధితురాలు అడిగితే తీసేయాలని 2021 నియమాలు కంపెనీలకు చెప్పాయి. అడగాలంటే ముందు ఆమె ఎవరితోనైనా చెప్పగలగాలి. అన్ని దారులూ అక్కడికే వస్తున్నాయి.

ఆ ఇద్దరిలో ఒకరి పేరు నాది రాసుకోండి. రెండో పేరు పన్నెండో గల్లీ అమ్మది పెడదామని నా ప్రతిపాదన. ఈ వాక్యం చదివి ఎంతమంది గ్రూపు వదిలి పోతారో నాకు తెలుసు.

రెండు కోపం మాటలు కూడా అనేసి ముగిస్తాను. "ఆడపిల్లలకు ఫోను ఇస్తే ఇంతే" అన్న మన కోశాధికారి గారి చేతిలో రెండు ఫోన్లున్నాయి. ఆ ఫ్లాట్‌కి పదహారు రోజుల్లో వచ్చిపోయిన వాళ్లందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. వాళ్లు డబ్బు పంపింది ఫోనులో, దారి చూసుకున్నది ఫోనులో. వాళ్లలో కొందరికి పెళ్లాలున్నారు, కూతుళ్లున్నారు, ఏదో ఒక సమాజంలో సభ్యత్వం కూడా ఉండే ఉంటుంది. వారానికోసారి ఫోను తనిఖీ చేయాలని మీకు అంత కోరిక ఉంటే, ఎవరి ఫోన్లతో మొదలుపెట్టాలో నేను చెప్పగలను. ఆ తీర్మానం తెస్తే రెండు చేతులూ ఎత్తుతాను.

పిల్ల ఇప్పుడు ఇంట్లోనే ఉంది. బయటికి రావడం లేదు. బతుకమ్మ గ్రూపులోంచి ఆమెతో పాటు ఆమె తల్లినీ తీసేశారు, తల్లికి పెళ్లయ్యిందని, 25 దాటాయని చూసుకోకుండానే. "పొరపాటున" అన్నారు అడ్మిన్ గారు. వారం అయింది, పొరపాటు ఇంకా దిద్దలేదు.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి మన హాల్లో సర్వసభ్య సమావేశం. పోయినవారం తీర్మానాన్ని రద్దు చేయాలని, పైన చెప్పిన పనులు చేపట్టాలని నేను ప్రతిపాదిస్తున్నాను. మన నియమావళి ప్రకారం ప్రతిపాదనను బలపరచడానికి ఒక సభ్యుడో సభ్యురాలో కావాలి, శుక్రవారం లోపల, రాతపూర్వకంగా. ఇక్కడ లైకు కొడితే అది లెక్కకు రాదు. సంతకం కావాలి. నేను సాయంత్రం ఏడు తరువాత ఖోలీలోనే ఉంటాను.